గెర్ గడప దాటే ముందు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మంగోలియా పశుకాపర్ల ఇళ్ళకు (గెర్ అంటారు, విప్పి మళ్ళీ బిగించుకునే గుండ్రటి గుడారం) చుట్టపుచూపుగా వెళ్ళొచ్చే ప్రయాణాల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న (ఒంగోలు): జులైలో నలుగురం వెళ్తున్నాం. ‘ఒక రాత్రి సంచార కుటుంబంతో’ అని టూర్ కాగితంలో ఉంది. వాళ్ళ ఇంటి ముందు బండి దిగాక ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?

ముందు ఆ కాగితం మళ్ళీ చదవండి. ‘గెర్ క్యాంప్’ అని ఉంటే అది గెర్ ఆకారంలో గదులు కట్టిన లాడ్జి. మంచాలు, భోజనశాల, వేడినీళ్ళు ఉంటాయి, పశువులు ఉండవు. కాపరి కుటుంబం దగ్గరే ఉండాలనుకుంటే ఆ మాట రాతపూర్వకంగా అడగండి. గైడు ముందురోజు ఆ కుటుంబానికి ఫోన్ చేసి ఎక్కడున్నారో కనుక్కుంటాడా అన్నది కూడా అడగండి. గడ్డిని బట్టి వాళ్ళు చోటు మారుస్తారు. నిరుడు ఉన్న లోయలో ఈ ఏడు ఉండకపోవచ్చు.

ఇక బండి ఆగాక దిగకండి. కుక్కలున్నాయి. అవి తోడేళ్ళ మీదికి పోయే కుక్కలు, ముద్దు చేయించుకునేవి కావు. బండిలోంచే ‘నొఖోయ్ ఖోర్!’ అని కేక వేస్తారు. కుక్కను పట్టుకోమని దాని అర్థం. కుక్క లేకపోయినా అదే కేక, మనవైపు ‘ఎవరండీ ఇంట్లో?’ అన్నట్టు. ఎవరైనా బయటికి వచ్చి కుక్కను అదుపు చేశాకే దిగాలి. తలుపు తట్టే అలవాటు అక్కడ లేదు.

తలుపు దక్షిణం వైపు ఉంటుంది, ఎత్తు తక్కువ. వంగి, కుడికాలు ముందు పెట్టి, గడప తొక్కకుండా దాటండి. గడప తొక్కకూడదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కానీ, తల పైకెత్తి చూస్తూ అడుగేస్తే ఎవరికైనా కాలు తగులుతుంది. మనవాళ్ళు తడబడేది ఇంకోచోట: చెప్పులు విప్పబోతారు. అక్కడ బూట్లతోనే లోపలికి వెళ్తారు. ఆ ఇంట్లోవాళ్ళు విప్పితే విప్పండి, లేకపోతే వద్దు.

లోపలికి రాగానే ఎడమకు తిరిగి, గడియారం ముల్లు తిరిగే వైపుగా నడవండి. ఎడమది, అంటే పడమటి సగం, అతిథులదీ మగవాళ్ళదీ. జీను, కళ్ళెం, ఐరాగ్ (పులియబెట్టిన గుర్రంపాలు) తోలుసంచి అక్కడే ఉంటాయి. కుడివైపు వంటసామాను, ఇల్లాలి చోటు. తలుపుకు ఎదురుగా, ఉత్తరాన ఉన్న చోటును ఖోయ్‌మోర్ అంటారు. దేవుడి పటాలు, పెద్దల ఫోటోలు అక్కడ పెడతారు, ఇంటిపెద్దలు అక్కడ కూర్చుంటారు. రమ్మని పిలిస్తే తప్ప అక్కడికి వెళ్ళకండి. మధ్యలో పొయ్యి, దాని పక్కన పైకప్పు చక్రాన్ని మోసే రెండు గుంజలు. ఆ గుంజల మధ్యనుంచి నడవకూడదు, వాటికి ఆనుకోకూడదు, వాటి మధ్యగా వస్తువులు అందించుకోకూడదు.

బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చాలు. కాళ్ళు పొయ్యివైపు చాపకూడదు. పొయ్యిలో చెత్త వెయ్యకూడదు, నీళ్ళు పోసి ఆర్పకూడదు. ఇంట్లో ఈల వెయ్యకూడదు, గాలిని పిలిచినట్టని వాళ్ళ నమ్మకం. చెట్టూ పుట్టా అడ్డంలేని మైదానంలో, పూర్తిగా బిగిస్తే రెండున్నర క్వింటాళ్ళ దాకా తూగే గుడారంలో ఉండేవాళ్ళకు గాలి అంటే ఏమిటో ఒక రాత్రి పడుకుంటే మీకే తెలుస్తుంది.

ఏది ఇచ్చినా కుడిచేత్తో, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి తీసుకోండి, లేదా రెండు చేతులా. చొక్కా చేతులు మడిచి ఉంటే దించుకోవాలి. ఇంటిపెద్ద ముక్కుపొడి బుడ్డి చాపితే కంగారుపడకండి. అరచేతిలోకి తీసుకుని, మూత కొద్దిగా సడలించి వాసన చూసి, తిరిగి ఇచ్చేయండి. పొరపాటున ఎవరి పాదమైనా తొక్కితే వెంటనే చెయ్యి కలపాలి. మనం తాకి కళ్ళకద్దుకోమూ, అలాంటిదే.

పలకరింపుకు ‘సైన్ బైన ఊ’, కృతజ్ఞతకు ‘బయర్లలా’ వస్తే చాలు. మూడోది నేర్చుకునే ఓపిక ఉంటే మీ పశువులు బలిసి బాగున్నాయా అని అడగడం నేర్చుకోండి. అక్కడ కుశలప్రశ్న అదే, ఊరికే అనే మాట కాదు.

ప్రశ్న (నెల్లూరు): టీలో ఉప్పు వేస్తారట, నిజమేనా? గుర్రంపాలు పులియబెట్టి తాగుతారట. పిల్లలకు ఇవ్వొచ్చా?

టీలో ఉప్పు నిజమే. దాన్ని సూతే త్సాయ్ అంటారు. ఇంట్లో చేసి చూసుకుని వెళ్తే అక్కడ మొహం చిట్లించకుండా ఉంటారు. లీటరు నీళ్ళు కాచి ఒక పెద్దచెంచా గ్రీన్ టీ ఆకు వెయ్యండి (వాళ్ళు ఇటుకలా ఒత్తిన టీ ముక్క గీరి వేస్తారు). రెండు మూడు నిమిషాలు మరిగాక లీటరు పాలు పోసి, పొంగు వచ్చేటప్పుడు గరిటెతో ఎత్తి ఎత్తి పోస్తూ ఉండండి. ఉప్పు ఆఖర్న, ఒక చిన్నచెంచా. మన టీపొడితో చేస్తే వగరెక్కుతుంది, ఆకు వడివడిగా రంగు దిగిపోతుంది కాబట్టి. దీన్ని టీ అనుకుని నోట్లో పోసుకుంటే మింగుడు పడదు. పల్చని ఉప్పుచారు అనుకుంటే రెండో గిన్నె కూడా పోతుంది. పిల్లలకు నిశ్చింతగా ఇవ్వొచ్చు, బాగా మరిగినవే కదా.

గుర్రంపాల సంగతి వేరు. వాటిని ఐరాగ్ చేస్తారు. ఆవుతోలు సంచిలో పోసి, కవ్వంలాంటి కర్రతో రోజూ వేలసార్లు చిలుకుతారు. సంచి తలుపు పక్కనే వేలాడుతుంది, వచ్చీపోయేవాళ్ళు నాలుగు పోట్లు వేసి పోవడం మర్యాద. ఈ విద్యను యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్రంపాలలో లాక్టోజ్ ఆవుపాలకన్నా ఎక్కువ, పచ్చివి తాగితే కడుపు జారుతుంది. పులిసేటప్పుడు ఆ చక్కెరలో కొంత ఆమ్లంగా, కొంత ఆల్కహాల్‌గా మారుతుంది. ఆల్కహాల్ సుమారు రెండు శాతం. పుల్లమజ్జిగలో సోడా కలిపినట్టు ఉంటుంది.

అలవాటు లేనివాళ్ళు మొదటిరోజు గిన్నె మొత్తం తాగితే మర్నాడు బండి ఎక్కలేరు. రెండు గుక్కలు చాలు. గిన్నె తిరిగి ఇచ్చేస్తే తప్పులేదు, ముట్టకుండా తోసెయ్యడమే తప్పు. అసలు మద్యం ముట్టనివాళ్ళు పెదవికి తాకించి ఇచ్చేయొచ్చు. వోడ్కా అయితే కుడి ఉంగరపువేలు ముంచి ఆకాశం వైపు చిలకరిస్తారు, మీరూ అంతవరకు చేసి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. చిన్నపిల్లలకు, గర్భిణులకు ఐరాగ్ వద్దు. ఆల్కహాల్ ఒక్కటే కాదు, అది కాచని పాలతో చేసింది. పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లోసిస్ జ్వరం మంగోలియాలో ఉంది, కాచని పాలే దానికి ఒక దారి.

అన్నట్టు, ఐరాగ్ ఏడాది పొడుగునా దొరకదు. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రమే. గుర్రప్పిల్లలను తాడుకు కట్టేసి తల్లి గుర్రాలను రోజుకు ఐదారుసార్లు పితుకుతారు, ఒక్కోసారికి వచ్చేవి కాసిని పాలే. మంచి ఐరాగ్ అంటే అర్హంగాయ్, బుల్గాన్ జిల్లాల పేర్లు చెబుతారు.

ప్రశ్న (కావలి): మేం గుడ్డు కూడా తినం. నాలుగు రోజులు గడుస్తుందా?

గడుస్తుంది, కానీ సంచి మీరు మోసుకెళ్ళాలి. వేసవిలో వాళ్ళ తిండి సగం పాలే. ‘తెల్లని తిండి’ అనే అంటారు. మీగడ అట్టు, పెరుగు, ఎండబెట్టిన జున్నుముక్కలు (ఆరూల్) మీకు పనికొస్తాయి. ఆరూల్ రాయిలా ఉంటుంది, కొరక్కండి, బుగ్గన పెట్టుకుని నానబెట్టాలి. చిక్కంతా వేడివంటతోనే. ‘మాంసం లేని నూడుల్స్’ అడిగితే మాంసం ముక్కలు తీసేసి పెడతారు, ఉడికింది మాత్రం గొర్రెకొవ్వులోనే. అది వాళ్ళ మోసం కాదు, కొవ్వును మాంసం కింద లెక్కెయ్యరు. గైడుతో ‘కొవ్వు కూడా వద్దు, మా గిన్నెలో వండుకుంటాం’ అని విడిగా చెప్పించండి.

మనిషికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పెసరపప్పు లెక్కన, వాటితోపాటు అటుకులు, వేయించిన ఉప్మారవ్వ, కందిపొడి తీసుకెళ్ళండి. ఒక రెండు లీటర్ల చిన్న కుక్కరు ఉంటే మంచిది. ఊరగాయ చెక్-ఇన్ సామాన్లలో, మూత మీద టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో. విమానంలో ఒత్తిడి తేడాకు నూనె కారుతుంది, కాబట్టి సీసా అంచుదాకా నింపొద్దు. ఆవకాయ ఆ ఇంటివాళ్ళకు రుచి చూపించాలని మీకు అనిపిస్తుంది. వాళ్ళకు కారం అలవాటు లేదు. కందిపొడి, నెయ్యి కలిపిన ముద్ద పెట్టండి, అది నచ్చుతుంది.

ప్రశ్న (కోటమిట్ట, నెల్లూరు): హలాల్ దొరుకుతుందా?

పడమటి కొసన ఉన్న బాయన్-ఓల్గీ జిల్లాలో దొరుకుతుంది. అక్కడి కాపర్లు ఎక్కువమంది కజక్ ముస్లింలు, డేగలతో వేటాడేది కూడా వాళ్ళే. వాళ్ళ పండగ విందులో గుర్రపుమాంసం ఉంటుంది, ఇష్టం లేకపోతే ముందే చెప్పండి. మిగతా మంగోలియాలో కాపరి ఇంట్లో గొర్రెను కోసే పద్ధతి వేరు. రొమ్ము దగ్గర చిన్నగాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి ప్రధాన రక్తనాళాన్ని తెంపుతారు, చుక్క నెత్తురు నేల మీద పడనివ్వరు. కాబట్టి అది హలాల్ కాదు. అలాంటిచోట కావలివారికి చెప్పిన సంచే మీకూ.

ప్రశ్న (ఉదయగిరి): మాది గొర్రెలు కాసే కుటుంబం. అక్కడి మందకూ మన మందకూ తేడా ఏమిటి? చలికి జీవాలు ఎలా బతుకుతాయి?

అన్ని ప్రశ్నల్లోకీ మాకు నచ్చింది ఇదే. టూరిస్టులు కూడా చూడాల్సిన సంగతులు ఇందులోనే ఉన్నాయి.

మన నెల్లూరు గొర్రె, జోడిపి గానీ పల్ల గానీ దొర గానీ, పొడుగు కాళ్ళది, ఉన్ని లేనిది. మేకలాగా వెంట్రుకే. ఎండకు అది సరిపోయింది. మంగోలియా గొర్రె పొట్టిది, దట్టమైన ఉన్ని, తోక దగ్గర కొవ్వుగడ్డ. వేసవిలో మేసిన గడ్డి ఆ తోకలో చేరుతుంది, శీతాకాలంలో అది కరిగి ప్రాణం నిలుపుతుంది. పశువులు బలిశాయా అని వాళ్ళు పలకరించుకునేది ఇందుకే. ఆగస్టులో సన్నగా ఉన్న గొర్రె మార్చి నెల చూడదు.

ఉన్ని ఉంది కాబట్టే గెర్ ఉంది. వేసవి మొదట్లో కత్తిరించిన ఉన్నిని కర్రలతో కొట్టి విడదీసి, పాత దుప్పటి మీద పొరలు పొరలుగా పరిచి, నీళ్ళు చల్లి, గుంజకు చుట్టి, తోలుతో బిగించి, గుర్రం వెనకో ఒంటె వెనకో కట్టి గంటల తరబడి దొర్లిస్తారు. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని అట్టలా అవుతుంది. నేత లేదు, కుట్టు లేదు. అదే ఫెల్ట్. ఎండాకాలం గెర్‌కు ఒక పొర, చలికి రెండో మూడో. మన గొర్రె వెంట్రుకతో ఇది జరగదు, పట్టుకోదు.

గొర్రెలు ఎప్పుడు ఈనాలో కూడా కట్టడి చేస్తారు. పొట్టేలు పొట్టకింద ఫెల్ట్ ముక్క ఒకటి ముందుగుడ్డలా కడతారు, మందలో తిరుగుతున్నా ఆడగొర్రెలతో జతకట్టలేదు. శరత్తు చివర విప్పుతారు. గొర్రె చూడి ఐదు నెలలు కాబట్టి పిల్లలు వసంతంలో పడతాయి, కొత్తగడ్డి మొలిచేసరికి పాలు కావాలి కదా. గుడ్డ జారిందా, నడిశీతాకాలంలో పిల్ల పడుతుంది, పుట్టిన తడి ఆరకముందే గడ్డకడుతుంది. అందుకని అలాంటి పిల్లలను గెర్ లోపలే, పొయ్యి పక్కన పెట్టుకుంటారు. తల్లి పిల్లను దగ్గరికి రానివ్వకపోతే ఒక రాగం మీద పాడి పాడి ఒప్పిస్తారు. గొర్రెకు ‘తోయిగ్ తోయిగ్’. ఒంటెకు వేరే పాట, గుర్రపుతల ఫిడేలు తోడుగా. ఆ ఒంటెపాట తరిగిపోతోందని యునెస్కో 2015లో వెంటనే కాపాడాల్సినవాటి జాబితాలో పెట్టింది.

గొర్రెలు, మేకలు కలిపే మేపుతారు. గొర్రె ఒకచోటే కూలబడితే మేక ముందుకు నడిపిస్తుంది, ఆ కిటుకు మీకు కొత్తది కాదు. పితికేటప్పుడు ఒకే తాడుకు తలలు ఎదురెదురుగా అల్లినట్టు కట్టేస్తారు. ఒక్క ముడి లాగితే అన్నీ ఒక్కసారి విడిపోతాయి, చూడాల్సిందే. మేకలిచ్చే కష్మీరు (క్యాష్‌మియర్) ఉన్నికి ధర రావడంతో అవి పెరిగిపోయాయి. ఆ ఉన్నిలో చైనా తర్వాత మంగోలియాదే రెండో స్థానం. మేక వేరుదాకా కొరుకుతుంది కాబట్టి బీడు పాడవుతోందన్న తగాదా అక్కడా ఉంది.

పెద్ద తేడా నేలలో ఉంది. ఇక్కడ మీ మంద కోతలైన మళ్ళో దిగాలంటే రైతు సరేననాలి, ఎరువు కోసం మంద పెట్టినందుకు ఆయన మీకు కూలి ఇవ్వాలి. అక్కడ పచ్చికబయలు ఒకరి సొత్తు కాదు, చట్టప్రకారం కొని కంచె వేసుకునేది కాదు. శీతాకాలపు దొడ్డి ఫలానావారిదని ఊరంతా ఎరుగుదురు. మిగతా మూడు కాలాల మకాములు గడ్డిని, నీటిని బట్టి. మకాం మార్పు కొందరికి పది కిలోమీటర్లు, కొందరికి వంద పైన. ఇప్పుడు ఒంటెల బదులు లారీ.

వాళ్ళు భయపడేది జూద్‌కు. వేసవి ఎండిపోయి, దాని వెనకే గట్టి చలికాలం వస్తే పశువులు కుప్పలుగా పోతాయి. మంచు మరీ లోతుగా పడి గడ్డి అందకపోతే తెల్ల జూద్. మంచు అసలు పడక నీళ్ళు లేకపోతే నల్ల జూద్, ఎందుకంటే చలికాలంలో జీవాలు తాగేది మంచునే. కొంచెం కరిగి మళ్ళీ గడ్డకట్టి గాజుపలకలా అయితే ఇనప జూద్, గిట్టతో తవ్వినా పగలదు. 2009–10లో సుమారు కోటి జీవాలు పోయాయి. 2023–24లో 70 లక్షలకు పైగా. సుమారు 35 లక్షల జనాభా ఉన్న దేశం అది. మంద పోయినవాళ్ళు రాజధాని ఉలాన్‌బాతర్ అంచుల్లో గెర్‌లు వేసుకుని కూలికి వెళ్తారు. అందుకే వాళ్ళింట్లో కూర్చుని ‘ఎన్ని పోయాయి?’ అని మొదటిమాటగా అడగొద్దు. మీకు తెలియంది కాదులెండి, ఈ మాట మిగతావాళ్ళకు.

ప్రశ్న (సింగరాయకొండ): ఏం కానుక తీసుకెళ్ళాలి? డబ్బు ఇస్తే తప్పుగా అనుకుంటారా?

ఉలాన్‌బాతర్‌లోనే కొనండి. ఐదు కిలోల పిండి, రెండు కిలోల బియ్యం, టీ ఇటుక, పంచదార, పిల్లలకు నోటుపుస్తకాలు, రంగుపెన్సిళ్ళు. తలకు పెట్టుకునే టార్చి రాత్రి ఈతల వేళ చాలా పనికొస్తుంది. గెర్‌కు సోలార్ పలక ఉంటుంది కాబట్టి ఛార్జింగ్‌ది అయినా పరవాలేదు. ఒట్టి చాక్లెట్లు పంచకండి, దగ్గర్లో పళ్ళ డాక్టరు ఉండడు. రెండు చేతులా ఇవ్వండి. వాళ్ళు విప్పి చూడకుండా పక్కన పెడితే నచ్చలేదని కాదు. వాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టి ఇస్తే ఉత్తగిన్నె తిరిగి ఇవ్వకండి, నాలుగు పంచదార బిళ్ళలైనా వెయ్యండి. ఇది మన అమ్మమ్మల పద్ధతే.

రాత్రి బసకు డబ్బు ఎంతన్నది గైడు ముందే మాట్లాడి, తనే అందజెయ్యాలి. మీరు విడిగా నోట్లు తీసి పిల్లల చేతిలో పెట్టడం వల్ల రెండో గెర్‌వాళ్ళతో ఆ ఇంటికి మాట వస్తుంది. ఫోటోలకు అడిగి తీసుకోండి. డ్రోన్ మాత్రం వద్దు, మంద బెదిరి చెదిరితే పోగు చెయ్యడానికి వాళ్ళకు సగంరోజు పడుతుంది.

ప్రశ్న (కందుకూరు): రాత్రి పడక, బాత్రూం సంగతి ఎవరూ చెప్పరు. మా అత్తగారికి ఉత్తరం తల పెట్టుకోవడం కుదరదు.

అత్తగారికి చిక్కే. గెర్‌లో కాళ్ళు తలుపువైపు, అంటే దక్షిణానికి. దేవుడి పటాలున్న ఉత్తరం వైపు కాళ్ళు చాపితే వాళ్ళకు నొచ్చుకోలు. దక్షిణం తల పెట్టుకుంటే మన పట్టింపు నిలుస్తుంది, వాళ్ళది పోతుంది. వాళ్ళ ఇల్లు కాబట్టి ఒక్కరాత్రికి సర్దుకోమనండి, లేదా ఆ రాత్రికి గెర్ క్యాంపులో గది తీసుకోండి.

జులైలోనూ తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగొచ్చు. పొయ్యిలో వేసేది అర్గాల్, ఎండిన పేడ. మన పిడకే, తట్టకుండా ఎండింది. వేడి బాగా ఇస్తుంది కానీ నిలవదు, నడిరాత్రి దాటేసరికి ఆరిపోతుంది. సున్నా డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు, ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్ళు దగ్గర పెట్టుకోండి.

బాత్రూం అంటే కొంత దూరంలో గొయ్యి మీద రెండు పలకలు, చాలాచోట్ల అదీ ఉండదు. ‘గుర్రాన్ని చూసొస్తా’ అని చెప్పి లేస్తారు, మనం ‘చెంబు పట్టుకెళ్ళాడు’ అన్నట్టు. ఏటికి, బావికి దూరంగా వెళ్ళండి. ఏట్లో కాళ్ళు కడగడం, సబ్బు వెయ్యడం, ఉమ్మడం పెద్ద తప్పు. నీళ్ళు బిందెతో తెచ్చుకుని దూరంగా కడుక్కోవాలి. ఆడవాళ్ళు వదులు పాత లంగా ఒకటి, లేదా పెద్ద గొడుగు తీసుకెళ్తే చాటు లేని మైదానంలో అదే గోడ. టార్చి లేకుండా, కుక్క ఎక్కడుందో అడక్కుండా రాత్రి బయటికి రావొద్దు.

ప్రశ్న (చీమకుర్తి): గుర్రం ఎక్కాలని ఉంది. ఎప్పుడూ ఎక్కలేదు.

మొదటిరోజు గంట చాలు. ఎడమవైపు నుంచే దగ్గరికి వెళ్ళండి, ఎడమవైపు నుంచే ఎక్కండి, వెనకగా పోవద్దు. ఆ గుర్రాలు పొట్టివి, సగం అడవివి. చప్పుడు చేసే ప్లాస్టిక్ వానకోటు, గాలికి రెపరెపలాడే చున్నీ, గుర్రం మీద కూర్చుని సర్రున లాగే జిప్పు – మనవాళ్ళు పడేది ఎక్కువగా వీటివల్లే. పాదం సగమే రికాబులో పెట్టండి, పూర్తిగా దూరిస్తే పడ్డప్పుడు కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోతుంది. కళ్ళెం తాడు మణికట్టుకు చుట్టుకోవద్దు. హెల్మెట్ అక్కడ ఉండదు, సైకిల్ హెల్మెట్ అయినా తీసుకెళ్ళండి. కదలమనడానికి ‘చూ’ అంటారు. పక్కవాడితో మాట్లాడుతూ ఆ శబ్దం అనకండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు గుర్రపుస్వారీ, మారుమూల నుంచి ఆస్పత్రికి తరలింపు రెండూ అందులో రాసి ఉన్నాయో లేదో చూడండి. కుక్క కరిస్తే సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు నగరానికి బయల్దేరాలి, రేబిస్ టీకా మైదానంలో దొరకదు. వెళ్ళేముందే ఇక్కడ టీకా వేయించుకుంటే కొంత వ్యవధి చిక్కుతుంది కానీ, కరిచాక వేయించుకోవాల్సినవి ఎలాగూ తప్పవు. తర్బగాన్ అనే ఉడుతజాతి బొరియజంతువు కనిపిస్తే ముట్టవద్దు, ఎవరైనా దాని మాంసం పెడితే వద్దనండి. దానినుంచి ప్లేగు వస్తుంది. 2019లో బాయన్-ఓల్గీలో పచ్చిది తిన్న భార్యాభర్తలు చనిపోయారు. మర్యాద కోసం తినకూడనిది అక్కడ ఇదొక్కటే.